సంతకం పెట్టిన ఓటు

మధ్యాహ్నం రెండుంబావుకు పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సు కదిలింది. నేను కిటికీ పక్క సీటులో ఉన్నాను. నా పక్కన ఒక నడివయసు ఆమె ఒళ్ళో ఖాళీ పాల క్యాను పెట్టుకుని కూర్చుంది. క్యాను మూత కారుతోందట. మదనపల్లెలో మూత ఒక్కటే దొరుకుతుందా, లేక క్యాను మొత్తం కొనమంటారా అని నన్ను అడిగింది. నాకు తెలియదన్నాను. మాటల్లో తన ఊరు చెప్పింది. ఆ ఊరు నాకు తెలుసు. మెంబరమ్మ ఎలా ఉందని అడిగాను.

"ఆయమ్మ పోయి మూడు నెల్లాయె కదప్పా," అంది. "మీకెవురూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. కబురు పెట్టవలసినంత దగ్గరివాళ్ళం కాము. నేను మండల పరిషత్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషిని. ఆమె ఆ మండలంలో రెండుసార్లు ఎంపీటీసీ సభ్యురాలు. సమావేశాలకు నోటీసు పంపడం, హాజరు పట్టీలో సంతకం పెట్టించుకోవడం, ఎవరు ఏం మాట్లాడారో రాసుకోవడం నా పని. ఆమెకూ నాకూ ఉన్న సంబంధం అంతే. అయినా చదువుకుందామని తెచ్చుకున్న పుస్తకం మదనపల్లె వచ్చేదాకా తెరవలేకపోయాను.

మండలంలోని పల్లెలను కొన్ని కొన్నిగా కలిపి ఒక్కో సభ్యుణ్ణి ఎన్నుకునేలా విడగొడతారు. ఆమెది నాలుగు పల్లెల స్థానం. మధ్యలో ఒక వంక, అంటే చిన్న వాగు. ఇటు రెండు పల్లెలు, అటు రెండు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ వంకలో ఇసుక తప్ప ఏమీ ఉండదు. వానలు పడినప్పుడు మాత్రం నీళ్ళు నడుము లోతు వచ్చేవి. బడి, పాల సెంటరు, బస్సు ఆగే చోటు, ఓట్లు వేసే గది అన్నీ ఇటువైపే. వంక వచ్చిన రోజు అవతలి పిల్లలు బడికి రారు, అవతలి పాలు ఇంట్లోనే విరిగిపోతాయి. వంక మీద కల్వర్టు కావాలి. పదవిలో ఉన్నన్నాళ్ళూ ఆమె అడిగింది అదొక్కటే.

మొదటిసారి ఆ స్థానాన్ని ఆడవాళ్ళకు కేటాయించారు. ఆమెకు అప్పటికే భర్త లేడు, పిల్లలు లేరు. ఒక ఆవు, కాస్త మెట్ట చేను ఉండేవి. చెప్పినట్టు వింటుందనుకుని పెద్దవాళ్ళు ఆమెను నిలబెట్టారు. రెండోసారి ఆ స్థానం అందరికీ తెరిచారు. అప్పుడు పెద్దవాళ్ళు వేరే మనిషిని అనుకున్నారు గానీ నాలుగు పల్లెలూ ఆమే కావాలని పట్టుబట్టాయి.

సమావేశానికి వచ్చినప్పుడు ఆమె చెప్పులు వాకిట్లోనే విడిచేది. ఇంకెవరూ విడిచేవారు కాదు. సమావేశం అయ్యేసరికి వాకిట్లో ఆమె చెప్పులొక్కటే ఉండేవి. మండలంలో ఆడ సభ్యులు ఇంకా ఉన్నారు, కానీ వాళ్ళకు బదులు భర్తలు వచ్చి కూర్చునేవారు. అందువల్ల హాల్లో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆమెకు అటొక కుర్చీ, ఇటొక కుర్చీ ఖాళీగా ఉండేవి. ఎవరూ అనుకుని చేసింది కాదు. మిగతా కుర్చీలు నిండాక వచ్చినవాళ్ళు గోడకు ఆనుకుని నిలబడేవారు గానీ ఆ రెండింటిలో కూర్చునేవారు కాదు. పదేళ్ళలో ఆ కుర్చీల్లో ఎవరైనా కూర్చోగా నేను చూడలేదు.

హాల్లో గోడకు మండలం పటం ఉండేది. ఒక్కో స్థానానికి ఒక్కో రంగు. మొదటి సమావేశం రోజు ఆమె పటం ముందు నిలబడి, "మా ఊర్లు యాడుండాయప్పా?" అని అడిగింది. పచ్చరంగు వేసిన చోటు చూపించాను. ఆమె దాని మీద బొటనవేలు ఆనించింది. నాలుగు పల్లెలూ, వంకా వేలి కిందికి వచ్చేశాయి.

"ఇంతేనా మేము?" అంది. తర్వాత వేలు తీసి, "సరే, ఒకే రంగులో ఉండాం," అని వెళ్ళి కూర్చుంది.

సమావేశంలో ఆమె 'నేను' అనేది కాదు. 'మా నాలుగూళ్ళు' అనేది. మా నాలుగూళ్ళకి కరెంటు రాత్రిపూటే వస్తాండాది. మా నాలుగూళ్ళు ఈ తూరి ట్యాంకరు చూడలేదు. ఒకసారి, మా నాలుగూళ్ళకి తలనొప్పిగా ఉండాది, కిటికీ మూస్తారా అంది. ఆ రోజు నవ్వని వాళ్ళు లేరు. ఆమె కూడా నవ్వింది.

సంతకం ఆమెకు ఆలస్యంగా వచ్చింది. తొంభైలలో ఊళ్ళల్లో పెద్దవాళ్ళకు సాయంత్రాలు అక్షరాలు నేర్పినప్పుడు నేర్చుకుంది. చదవడం అంతంతమాత్రం. సంతకం మాత్రం పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసేది. రాశాక కింద ఒక గీత గీసేది. హాజరు పట్టీలో ఆమె పేరు పక్క గడిలోకి వెళ్ళిపోయేది. ఆ గడి సభ్యుడు చౌడేపల్లె వైపు నుంచి వచ్చే ఒక రైతు. ప్రతిసారీ గొణిగేవాడు.

"మెంబరమ్మా, మళ్ళా నా చేలోకి దిగినావే."

"నీ పేరు పొట్టిదే కదప్పా. మిగిలిన తావులో ఇరికించు."

ఆమె ఎక్కడికి వెళ్ళినా సంతకం పెట్టి వచ్చేది. మంచినీళ్ళ ట్యాంకు కడిగించిన రోజు దాని గోడ మీద బొగ్గుతో పెట్టింది. బోరు మోటారు బాగుచేయించినప్పుడు ఆ గది తలుపు మీద సుద్దముక్కతో పెట్టింది. అంగన్‌వాడీకి వెళితే అక్కడి గోడ మీద పెట్టబోయింది. అక్కడి ఆయా వద్దని బతిమాలితే మానింది. మా ఆఫీసులో దీన్ని చెప్పుకుని నవ్వేవారు. నేను ఒకసారి ఎందుకని అడిగాను.

"నేనొచ్చి సూసినానని తెలియాల కదప్పా. రేపు బాగలేకపోతే నన్నే కదా అడగాల్సింది," అంది.

ఒక కరువు ఏడాది ట్యాంకర్ల లెక్క చూడటానికి నన్ను ఆ పల్లెలకు పంపారు. ఆ రోజు సమావేశం జరిగింది. ఇద్దరం ఒకే బస్సులో దిగాం. మాపటేళ పాలు పోసే సమయం. నాలుగు పల్లెల వాళ్ళూ క్యాన్లతో, చెంబులతో వరసలో నిలబడి ఉన్నారు. ఆమె ఇంటికి పోకుండా నేరుగా అక్కడికి నడిచింది. తూకం వేసే బల్ల పక్కన నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. ప్రతి సమావేశం తర్వాతా ఇలాగే చేస్తుందని నాకు అప్పుడు తెలిసింది.

"ఈ పొద్దు మీటింగులో మొదట కరెంటు గురించి మాట్లాడినారు. ఏమీ తేల్లేదు. ఆనక టీ ఇచ్చినారు. ఆనక మన వంక సంగతి అడిగినా. పరిశీలిస్తామన్నారు."

ఆమె చిన్నాయన వరస అయ్యే ఒక ముసలాయన క్యాను కింద పెట్టి, "పోయిన తూరీ అదే అన్నారు కదమ్మే," అన్నాడు.

"లేదు చిన్నాయనా. పోయిన తూరి సూస్తామన్నారు. ఈ తూరి పరిశీలిస్తామన్నారు."

"రెండిటికీ తేడా ఏంది?"

"అది నాకూ తెలీదు. వచ్చే తూరి అడిగొస్తా."

వరసంతా నవ్వింది. వెనక నుంచి ఎవరో, టీలోకి ఏమిచ్చినారని అడిగారు. బిస్కెట్లు అంది. మాకేవి అన్నారు. తినేసినానంది. చివరికి ఆమె, "అంతే. ఇంకేమీ జరగలేదు," అని చెప్పి వెళ్ళి తన పాలు పోసింది. సమావేశంలో ఏమీ జరగలేదని చెప్పడానికి ఒక మనిషి అంత శ్రద్ధగా నిలబడటం నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ సమావేశం గురించి నేను కూడా రాసుకున్నాను. నా రాతలో టీ లేదు.

ఆమె రెండోసారి సభ్యురాలిగా ఉన్నప్పుడు శాసన మండలి మళ్ళీ వచ్చింది. అంతకు చాలా ఏళ్ళ ముందే దాన్ని తీసేశారు. మండలిలో కొందరిని పట్టభద్రులు, కొందరిని టీచర్లు ఎన్నుకుంటారు. కొందరిని ప్రతి జిల్లాలోనూ స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకుంటారు. అంటే ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, మునిసిపల్ కౌన్సిలర్లు. మామూలు జనానికి ఇందులో ఓటు లేదు. వాళ్ళు ఎన్నుకున్నవాళ్ళకే ఉంటుంది. ఈ సంగతి వివరిస్తూ వచ్చిన కాగితాన్ని నేను ఆమెకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

ఆ సాయంత్రం పాల సెంటరు దగ్గర ఆమె చెప్పిన మాట తర్వాత నాకు చాలామంది చెప్పారు. మీరంతా నాకేసినారు, మీ అందరి తరఫునా నేను ఒకటి వేసి రావాలంట, ఎవరికెయ్యాలో మీరే చెప్పండి అందట. చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి వంక మీద కల్వర్టు వేయిస్తానని నలుగురిలో ఎవరంటే వాళ్ళకి అని తేల్చారు.

పోటీలో ఇద్దరు. ఇలాంటి ఎన్నికలో ఓటర్లు కొన్ని వందల మందే కాబట్టి, అవతలివాళ్ళు లాక్కుపోకుండా ఎవరి మనుషులను వాళ్ళు ముందే తీసుకుపోయి ఎక్కడో దాచిపెడతారు. దాన్ని క్యాంపు అంటారు. ఆమె ఉన్న పార్టీవాళ్ళు తెల్లవారకముందే ఆమెను వ్యానులో ఎక్కించుకుని కుప్పం తీసుకుపోయారు. అక్కడ ఒక గ్రానైట్ వ్యాపారి గెస్ట్‌హౌస్‌లో పెట్టారు. ఫోన్లు తీసేసుకున్నారు. గేటుకు తాళం వేశారు. మిగతా ఆడ సభ్యులు భర్తలతో వచ్చారు. ఆమె ఒక్కతే ఒంటరిగా వచ్చింది. గెస్ట్‌హౌస్ మేడ మీద నుంచి బెంగళూరు రైళ్ళు కనిపిస్తాయని, ఏ రైలు ఎప్పుడు పోతుందో చూస్తూ కూర్చున్నానని తర్వాత చెప్పింది.

రెండో రోజు అభ్యర్థి వచ్చాడు. అందరూ భోజనాలు చేసి లేస్తుంటే ఆమె నిలబడి, వంక మీద కల్వర్టు వేయిస్తారా అని అడిగింది. వేయిస్తానన్నాడు. ఇందరిలో అన్నారు కదా అంది. అన్నానమ్మా అన్నాడు. అంతవరకూ బాగానే జరిగింది. ఆయన వెళ్ళాక క్యాంపు చూసుకునే మనిషి అందరి ముందూ ఆమెను చూపించి, "మొగుడుండే వాళ్ళయితే మొగుణ్ణి అడగొచ్చు. ఈయమ్మ ఎవురికేస్తాదో ఆ దేవునికే తెలియాల," అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె ఆ మాట మరిచిపోలేదు.

ఓటింగు మదనపల్లెలో జరిగింది. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. ఎదురుగా టీ అంగడి దగ్గర నిలబడి ఉన్నాను. వ్యాన్లు వచ్చి, మనుషులను దించి, తలలు లెక్కపెట్టి లోపలికి పంపాయి. ఆమె బయటికి వచ్చినప్పుడు నన్ను చూసి చేయెత్తింది. పని పూర్తిచేసిన మనిషి ముఖం అది.

ఈ ఎన్నికలో ముద్ర వేయడం ఉండదు. లోపల ఇచ్చిన పెన్నుతోనే అభ్యర్థి పేరు ఎదురుగా ఒకటి అంకె రాయాలి. ఇష్టమైతే ఇంకొకరికి రెండు రాయవచ్చు. వేసినవారు ఎవరో తెలిసేలా కాగితం మీద ఏ గుర్తున్నా ఆ ఓటు చెల్లదు. కల్వర్టు వేయిస్తానని మాట ఇచ్చినవాడి పేరు ఎదురుగా ఆమె ఒకటి రాసింది. కింద తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా రాసి, గీత గీసింది.

లెక్కింపు రోజు ఆ కాగితాన్ని పక్కన పెట్టారు. బల్ల చుట్టూ కూర్చున్న రెండు పార్టీల ఏజెంట్లూ చదివారు. ఆమె వేసిన అభ్యర్థి ఆ ఓటు లేకుండానే సులువుగా గెలిచాడు. కబురు మాత్రం ఆయన గెలుపు కంటే ముందే పుంగనూరు చేరింది. కావాలనే చేసిందన్నారు. తన పార్టీకి పేరు చూపించుకోవచ్చు, అవతలి పార్టీకి ఆ ఓటు చెల్లకుండా చేశానని చెప్పుకోవచ్చు, రెండు వైపులా మంచి అనిపించుకోవాలని చూసిందన్నారు. ఆమెను ఎరిగినవాళ్ళు కూడా అన్నారు.

మర్నాడు ఆమె ఆఫీసుకు వచ్చింది. సమావేశం లేదు. చెప్పులు వాకిట్లో విడిచి, వచ్చి నా బల్ల ముందు నిలబడింది. మిగతా గుమాస్తాలు కాగితాల్లోకి వంగారు.

"అప్పా, పేరుండే ఓటు సెల్లదంట. నిజమేనా?"

"నిజమేనమ్మా."

"యాల?"

ఎవరు ఎవరికి వేశారో తెలియకూడదు, తెలిస్తే బలమున్నవాళ్ళు లేనివాళ్ళను బెదిరిస్తారు, అందుకని పేరు ఉండకూడదని చెప్పాను.

"మా వాళ్ళు నాకేసేటప్పుడు తెలియకూడదు. అది సరే. ఎవురికేసినావని నేను వాళ్ళని పీడించకూడదు. కానీ నేను మొన్నేసింది నా ఓటు కాదు కదప్పా. నాలుగూళ్ళు ఇచ్చి పంపించింది. దాన్ని నేను ఏం చేసినానో వాళ్ళకి తెలియకూడదంటే ఎట్ల?"

"వాళ్ళకు తెలిస్తే ఆ క్యాంపు మనుషులకూ తెలుస్తుంది కదమ్మా. రేపు ఇంకొక మెంబరును నిలబెట్టి అడుగుతారు."

"అదీ నిజమే," అంది.

ఈ ప్రశ్న గురించి తర్వాత నేను పుస్తకాల్లో వెతికాను. రెండు వాదాలూ ఉన్నాయి. రెండూ సబబుగానే ఉన్నాయి. ఆమెకు కావలసింది వాదం కాదు.

"ఆ క్యాంపు ఆయప్ప, నేనెవురికేస్తానో దేవునికే తెలియాలన్నాడు. దేవునికొకనికి తెలిస్తే సాలదు, మా వాళ్ళకీ తెలియాలనుకుంటి. సంతకం పెట్టేది తప్పని అనుకోలేదప్పా. వేలిముద్ర వేసే కాలంలో ఎవురూ నమ్మింది లేదు. సంతకం పెడితే నమ్ముతారనుకుంటి." తర్వాత, "మీరొచ్చి మా వాళ్ళకి ఒక మాట చెప్తారా?" అంది.

ఆ సాయంత్రం ఆమెతో వెళ్ళాను. వరసలో అందరూ ఉన్నారు. ఆమె ఎప్పటిలాగే బల్ల పక్కన నిలబడి మొత్తం చెప్పింది. వ్యాను వచ్చిన వేళ, కుప్పంలో పెట్టిన తిండి, గేటు తాళం, రైళ్ళు. వచ్చేటప్పుడు అందరికీ ఇచ్చిన చీర సంచి తెరిచి, "ఇది ఇచ్చినారు," అని చూపించింది. చివరికి ఓటు సంగతి చెప్పింది. తర్వాత నేను చెప్పాను. ఆమెకు నియమం తెలియదు, మోసం లేదు, అంకె వేసింది మాట ఇచ్చినవాడికే అన్నాను. మర్యాదగా విన్నారు.

ఒక యువకుడు అన్నాడు. "సారూ, మీరు మంచోళ్ళు కాబట్టి చెప్తాండారు. అన్ని దినాలు కుప్పంలో పెట్టుకోని ఓటెయ్యడం నేర్పించలేదంటారా?"

"నేర్పించినారప్పా," అంది ఆమె. "ఒకటి రాయమన్నారు. ఇంకేం రాయొద్దన్నారు. పేరు గూడా అందులోకే వస్తాదని నాకు తోచలేదు."

చిన్నాయన క్యాను మూత బిగిస్తూ అడిగాడు. "తెలిసి చేసినావా, తెలీక చేసినావా?"

"తెలీకే చిన్నాయనా."

"తెలీకపోతే అడగల్ల కదమ్మే. అన్నీ అడిగొస్తావే."

అవతలి పల్లె ఆమె ఒకతె, ఎవరితోనూ కాకుండా, మా పాలు ఇంక అటే ఇరిగిపోవాల్సిందేలే అంది. పాలు తూకం వేసే అబ్బాయి తర్వాతి చెంబు అందుకున్నాడు. మెంబరమ్మ అలాగే నిలబడింది. 'అంతే, ఇంకేమీ జరగలేదు' అనడానికి ఆ రోజు వీలు లేకపోయింది.

ఆ తర్వాత ఆమెను ఎవరూ తిట్టలేదు. ప్రతి సమావేశం తర్వాతా ఆమె పాల సెంటరుకు పోయేది, చెప్పేది. వరసలోవాళ్ళు క్యాన్లలోకి చూసుకుంటూ నిలబడేవారు. టీలోకి ఏమిచ్చారని అడగడం మానేశారు. నేను ట్యాంకర్ల పనిమీద మరోసారి వెళ్ళినప్పుడు చూశాను. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా, తూకం రాళ్ళ వైపు తిరిగి చెప్తోంది. చెప్పవలసినదంతా చెప్పింది. ఒక్కటీ తగ్గించలేదు.

కల్వర్టు సంగతి అడగడానికి గెలిచినాయన ఇంటికి నాలుగైదుసార్లు పోయింది. ఆయన కనిపించలేదు. అక్కడుండే మనిషి మాత్రం, నీ ఓటు లెక్కకు రాలేదు కదమ్మా, నీ పని ఎట్లా లెక్కకు వస్తుంది అన్నాడట. దాన్ని కూడా ఆమె పాల సెంటరు దగ్గర చెప్పింది.

ఆమె పదవీకాలం ముగిసింది. తర్వాత చాలా రోజులు ఎన్నికలు పెట్టలేదు. నన్ను కుప్పం బదిలీ చేశారు. ఎన్నికలు వచ్చేముందు స్థానాలను జనాభా ప్రకారం మళ్ళీ గీశారు. ఇలా గీసేటప్పుడు రోడ్డో, ఏరో, వంకో ఉంటే దాన్నే హద్దు చేసుకుంటారు. అధికారులకు అది సులువు, చూసేవాళ్ళకూ సబబుగా ఉంటుంది. వంకకు ఇటు ఉన్న పల్లెలను ఒక దాంట్లో కలిపారు. అటు ఉన్నవాటిని ఇంకొక దాంట్లో కలిపారు. మధ్యలో కల్వర్టు ఉండి ఉంటే ఆ వంకను హద్దు అనుకునేవారో కాదో నేను చెప్పలేను. ఆమె మాత్రం అనుకునేవారు కాదనే నమ్మింది. అభ్యంతరం ఉంటే రాసి ఇమ్మన్నారు. ఎవరిచేతనో రాయించి, సంతకం పెట్టి ఇచ్చింది. జనాభా సరిపోయిందని జవాబు వచ్చింది. ఆ అభ్యంతరం కాగితం మీద ఆమెదొక్కటే సంతకం. మిగతావాళ్ళను అడిగితే రేపు పెడతామన్నారట.

ఆమెను చివరిసారి చూసింది కుప్పంలో. ఒక మధ్యాహ్నం బస్టాండు బయట, ఎండలో నిలబడి ఉంది. ఆ ఎమ్మెల్సీ ఒక పెళ్ళికి వస్తున్నాడని తెలిసి, పొద్దున్నే పుంగనూరు నుంచి బయలుదేరి వచ్చిందట. అప్పటికి ఆయన మాజీ అయిపోయాడు. మాజీని అడిగి ఏం లాభమమ్మా అన్నాను. పదవి పోతే మాట గూడా పోతాదా అప్పా అంది. హోటల్లోకి తీసుకుపోయి కూర్చోబెట్టాను. ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఆ గొంతు నాకు తెలుసు.

"ఆయప్ప పొద్దెక్కినాక వచ్చినాడు. నేను పందిరి బయట నిలబడుకోనుంటి. తిరిగిపోయేటప్పుడు కారు తావ కనపడినా. ఎవురమ్మా నువ్వు అన్నాడు. చెప్పినా. గుర్తుకొచ్చి నవ్వినాడు. కల్వర్టు అడిగినా. మా నాలుగూళ్ళని విడగొట్టొద్దని గూడా అడిగినా. సూస్తామన్నాడు." ఆమె చేతులు బల్ల మీద నుంచి తీసింది. "అంతే. ఇంకేమీ జరగలేదు."

నేను ఏదో ఒకటి అడగాలి. వినేవాళ్ళు అడగకపోతే ఎలా ఉంటుందో పాల సెంటరు దగ్గర చూశాను.

"టీ ఇచ్చినారా?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. తర్వాత చాలాసేపు, శబ్దం లేకుండా నవ్వింది.

"ఇయ్యలేదప్పా," అంది. "ఎమ్మెల్సీగా ఉండుంటే ఇచ్చుండునేమో."

నేను టీ చెప్పాను. తాగి, గ్లాసు తానే తీసుకుపోయి తొట్టి దగ్గర పెట్టి, బస్సుకు వెళ్ళిపోయింది. ఊళ్ళో ఎవరికి చెప్తావమ్మా అని అడగాలనుకుని అడగలేదు. చెప్పే ఉంటుంది.

ఆమె పోయిందని తెలిసిన వారం తర్వాత ఆ పల్లెలకు వెళ్ళాను. వెళ్ళి చేయవలసిన పని ఏమీ లేదు. బస్సు దిగి వంక వైపు నడిచాను. కల్వర్టు వచ్చింది. కట్టి కొన్నేళ్ళయిందట. ఎవరు వేయించారని అడిగితే ఒకరు ఒక పేరు, ఇంకొకరు ఇంకొక పేరు చెప్పారు. ఆమె పేరు ఎవరూ చెప్పలేదు. సిమెంటు గోడ మీద కూర్చుని ఉన్న ఒకాయన నన్ను గుర్తుపట్టాడు. అప్పట్లో వరసలో నిలబడి, నేర్పించలేదంటారా అని నన్ను అడిగిన యువకుడే. ఇప్పుడు జుట్టు నెరిసింది.

"ఆయమ్మకి జ్వరమొచ్చినప్పుడు ఈ దావనే ఆటోలో పిల్సకపోయినాం సారూ," అన్నాడు. "అప్పుడు వంక నిండుగా ఉండింది. అయినా పోయినాం." వంక వైపు చూస్తూ, "తెలీకే చేసింటాది," అన్నాడు. ఆ మాట ఆమెతో ఎప్పుడైనా అన్నావా అని నేను అడగలేదు.

అతణ్ణి ఒక్కటే అడిగాను, ఇప్పుడు మీ మెంబరు ఎవరని. ఇటువైపు పేరు చెప్పాడు. అటువైపు ఎవరంటే, తెలియదు సారూ, వాళ్ళది వేరే కదా అన్నాడు. అటువైపు బడి వచ్చింది, పాల సెంటరు వచ్చింది, ఓటు వేసే గది కూడా అటే పెట్టారట.

నేను కల్వర్టు మీద అవతలి ఒడ్డుదాకా నడిచి తిరిగి వచ్చాను. రెండు నిమిషాలు పట్టలేదు. వానాకాలంలో కూడా ఇప్పుడు వంక దాటవచ్చు. ఓటు వేయడానికి మాత్రం ఎవరూ దాటడం లేదు.